లెన్స్‌లో ఫ్లూక్ పురుగు: డేస్ చేపల కళ్ళు తెల్లబడిన ఒక కేసు

ఆగస్టు చివర్లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ నుంచి ఒక హేచరీ మేనేజర్ ఫోన్ చేశారు. రెండో ఏడాది డేస్ చేపలు మేతకి సరిగ్గా రావడం లేదని, పట్టపగలు నీటి పైపైనే తిరుగుతున్నాయని, కొంగలు రోజూ వచ్చి ఏరుకు తింటున్నాయని చెప్పారు. చచ్చి తేలేవి మాత్రం పెద్దగా లేవు. వేసవి మొదట్లో మేత మార్చారు, ఆయన అనుమానమంతా దాని మీదే. మాటల చివర్లో, కొన్నిటికి కళ్ళు తెల్లగా కనిపిస్తున్నాయని కూడా అన్నారు. నాకు ముఖ్యమైన సంగతి అదే అనిపించింది.

నేను చేపల జబ్బులు చూసే వెటర్నరీ డాక్టర్‌ని. పని ఇక్కడే అయినా భీమవరం, నెల్లూరు వైపు మిత్రులతో కేసుల గురించి మాట్లాడుకుంటూనే ఉంటాను. ఈ కేసుని ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. చేప కన్ను తెల్లబడిందంటే చాలు, అందరి చెయ్యీ మందు డబ్బా మీదికే పోతుంది. ఈ జబ్బులో మందుది చాలా చిన్న పాత్ర. లెన్స్ చీల్చి చూడకుండా రోగం తేలదు, నత్త సంగతి చూడకుండా తగ్గదు.

ఆ హేచరీ ఊజ్ నదిలో కలిసే ఒక ఉపనది ఒడ్డున ఉంది. ఇక్కడి నదుల్లో గాలం వేసేవాళ్ళు డేస్, చబ్, రోచ్ లాంటి చేపల్ని పట్టి మళ్ళీ నీళ్ళలోనే వదిలేస్తారు, తినరు. చేపలు తగ్గిన చోట వదలడానికి ఫిషింగ్ క్లబ్బులు చేపపిల్లల్ని కొంటాయి. ఈ హేచరీ వ్యాపారం అదే. డేస్ అంటే వెండిరంగులో మెరిసే సన్నని చేప, గుంపుగా తిరుగుతుంది. మన బొచ్చె, శీలావతులకి దూరపు చుట్టం. ప్రవాహంలో కొట్టుకొచ్చే పురుగుని కంటితో చూసి, చటుక్కున అందుకుని తింటుంది. మట్టిలో వెతుక్కుని తినే చేపకి కన్ను పోయినా కొంతకాలం గడుస్తుంది, డేస్‌కి అలా గడవదు.

హేచరీలో మూడు మట్టి చెరువులున్నాయి. నది నీళ్ళు ఒక తూము ద్వారా మొదటి చెరువులోకి వచ్చి, అక్కడి నుంచి మిగతా రెండిట్లోకి పారి, మళ్ళీ నదిలోకే పోతాయి. ఇవి కాక షెడ్డులో ఫైబర్ ట్యాంకులున్నాయి, వాటికి బోరు నీళ్ళు. ఈ రెండో ఏడాది డేస్‌లలోనే కొన్నిటిని, చోటు చాలక, ట్యాంకుల్లోనే ఉంచేశారు. తల్లి చేపలు ఒకటే, పొదిగిన రోజులు ఒకటే, మేత బస్తాలూ ఒకటే. మేనేజర్ ఈ సంగతి మామూలుగా చెప్పుకుపోయారు. నేను అక్కడే ఆగాను. ట్యాంకు చేపల కళ్ళు ఎలా ఉన్నాయని అడిగితే, వాటికేం, బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. మేత మీద అనుమానం నాకు సగం అక్కడే పోయింది.

చెరువు గట్టు మీద

నేను వెళ్ళేసరికి నీళ్ళు 17 డిగ్రీలున్నాయి. ఆక్సిజన్, అమ్మోనియా, పీహెచ్ అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. రెండో చెరువు గట్టు మీద నిలబడి చూస్తే చేపలు రెండు రంగుల్లో కనిపించాయి. చాలా వాటి వీపు లేత ఆకుపచ్చగా, అడుగు మట్టిలో కలిసిపోయేలా ఉంది. కొన్ని మాత్రం బొగ్గు నలుపు. ఆ నల్లవి గుంపులో లేవు, ఎక్కడికక్కడ ఒంటరిగా, పైపైన మెల్లగా తిరుగుతున్నాయి. గట్టు మీద చెయ్యి ఊపితే గుంపు చేపలు చెల్లాచెదురయ్యాయి, నల్లవి కదల్లేదు. నీటిని కర్రతో తట్టినప్పుడే ఉలిక్కిపడ్డాయి.

చేప తన ఒంటి రంగుని చుట్టూ ఉన్న వెలుతురుకి తగ్గట్టు మార్చుకోవాలంటే ముందు కన్ను పనిచేయాలి. చూపు పోయిన చేపకి చుట్టూ చీకటే కాబట్టి చర్మంలోని నల్లకణాలు విప్పారి అలాగే ఉండిపోతాయి. మందలో అక్కడక్కడా నల్ల చేపలు ఒంటరిగా తిరుగుతుంటే, కారణం ఏదైనా, ముందు కళ్ళు చూడాలి. గట్టు మీద నుంచి, వల వేయకుండానే దొరికే గుర్తు ఇది.

నల్లవి కొన్ని, మామూలువి కొన్ని, ట్యాంకువి కొన్ని పట్టించాను. ఎంఎస్ 222 కలిపిన నీళ్ళలో మత్తిచ్చి, తడి గుడ్డ మీద పడుకోబెట్టి, చిన్న టార్చి పక్కవాటంగా వేసి చూశాం. నాతో నెల్లూరు నుంచి వచ్చిన ఒక జూనియర్ ఉన్నాడు, ఇక్కడ జలచరాల రోగశాస్త్రం చదువుకుంటున్నాడు. మొదటి నల్ల చేప కన్ను చూసి, "సార్, ఇది మన బొచ్చెలకి వచ్చే కంటి జబ్బులాగే ఉంది కదా?" అన్నాడు.

మంచి ప్రశ్న. మన దగ్గర చదువుకున్న ఎవరికైనా ముందు తట్టేది అదే. బొచ్చెలకి వచ్చే ఆ జబ్బు ఎరోమోనాస్ బాక్టీరియా వల్ల వస్తుంది. ముందు కన్ను ఎర్రబడి, కార్నియాలోకి, అంటే కంటి ముందుండే అద్దంలాంటి పొరలోకి, రక్తనాళాలు పాకి, తర్వాత మసకబారి, చివరికి గుడ్డే కుళ్ళిపోతుంది.

"కనుపాప చుట్టూ రంగు వలయం కనిపిస్తోందా?" అని అడిగాను.

"కనిపిస్తోంది సార్. బంగారు రంగులో, స్పష్టంగా ఉంది."

"అయితే తెలుపు దానికి ముందుందా, వెనక ఉందా?"

టార్చి అటూ ఇటూ తిప్పి చూశాడు. "వెనక సార్. పాప లోపల గుండ్రంగా తెల్లగా ఉంది. పై పొర అద్దంలా ఉంది."

సగం తేడా అక్కడే తెలిసిపోతుంది. కార్నియా మసకబారితే రంగు వలయం కనబడదు, కన్నంతా పాలు పోసినట్టుంటుంది. దెబ్బ తగిలినా, బాక్టీరియా పట్టినా, వల రాసుకున్నా జరిగేది ఇదే. లెన్స్ తెల్లబడితే కార్నియా స్వచ్ఛంగా ఉంటుంది, రంగు వలయం బాగా కనిపిస్తుంది, పాప నడిమధ్యలో మాత్రం తెల్ల బిళ్ళ ఉంటుంది. అంటే శుక్లం. బొచ్చె జబ్బు అక్కడితో పక్కకి పోయింది.

కానీ శుక్లానికీ చాలా కారణాలున్నాయి. మేతలో జింకు, హిస్టిడిన్, మెథియోనిన్, రైబోఫ్లేవిన్ తగ్గితే పెంపకపు చేపల్లో శుక్లాలు వస్తాయి. సాల్మన్ రైతులకి ఇది బాగా తెలిసిన తలనొప్పి. అందుకే మేనేజర్ అనుమానాన్ని తీసిపారేయలేం. అయితే మేత లోపం వల్ల వచ్చేది సాధారణంగా రెండు కళ్ళకీ వస్తుంది, ఆ మేత తిన్న మందంతటా కనిపిస్తుంది. ఇక్కడ కొన్ని చేపలకి ఒక కన్ను పూర్తిగా తెల్లగా, రెండోది దాదాపు మామూలుగా ఉంది. అదే మేత తిన్న ట్యాంకు చేపల్లో ఒక్కదానికీ మచ్చ లేదు. తేడా మేతలో లేదు, నీళ్ళలో ఉంది.

లెన్స్ చీల్చినప్పుడు

పూర్తిగా చూపు పోయి, బక్కచిక్కిపోయిన కొన్నిటిని మత్తు ఎక్కువిచ్చి నొప్పి లేకుండా ముగించాం. ఎలాగూ బతికే స్థితిలో లేవు. షెడ్డులోనే మైక్రోస్కోప్ పెట్టుకుని కూర్చున్నాం. లేబుకి తీసుకెళ్ళి చూద్దామనుకుంటే ఈ జబ్బులో నష్టమే. చచ్చిన చేప లెన్స్ కొన్ని గంటల్లో దానంతటదే మసకబారుతుంది, ఫ్రీజర్‌లో పెడితే తెల్లగా గడ్డకడుతుంది. తర్వాత చూసేవాళ్ళకి ఏది రోగమో ఏది చావో తెలియదు.

కనుగుడ్డుని తీసి, కార్నియా కోసి, మెల్లగా నొక్కితే లెన్స్ గుండ్రంగా బయటికి జారుతుంది. ట్యాంకు చేప లెన్స్ బాగా ఉడికిన సగ్గుబియ్యపు గింజలా ఉంది, కింద పెట్టిన కాగితం మీది గీతలు అందులోంచి కనిపించాయి. నల్ల చేపది ఉడకని గింజలా నడుమ గట్టిగా, తెల్లగా ఉంది. ఉప్పు నీటి చుక్కలో పెట్టి రెండు సూదులతో పైపొర చీల్చాను. పొరలు విడివడుతుండగా చుక్కంతా కదలడం మొదలైంది.

అర మిల్లీమీటరుకి కొంచెం తక్కువ ఉండే ప్రాణులు. బల్లపరుపుగా, ఆకు ఆకారంలో ఉన్నాయి. ముందు భాగం సాగి, సన్నబడి, మళ్ళీ ముడుచుకుంటోంది. కవర్‌స్లిప్ వేసి పెద్దది చేసి చూస్తే ముందు చివర నోటి చూషకం, దానికి రెండు వైపులా చెవుల్లాంటి చిన్న మడతలు, వెనక సగంలో గుండ్రని పట్టు అవయవం, ఒళ్ళంతా మెరిసే సున్నపు రేణువులు. డిప్లోస్టోమం మెటాసెర్కేరియాలు, అంటే ఐ ఫ్లూక్ అనే, కంట్లో చేరే చదునైన పరాన్నజీవి పురుగు పిల్లదశలు. జూనియర్ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క లెన్స్‌లో 60 దాటాయి. అదే చేప రెండో కంట్లో అంతకి సగం కూడా లేవు. రంగు మామూలుగా ఉన్న చెరువు చేపల్లోనూ చాలా వాటి లెన్స్‌లో నాలుగో, పదో దొరికాయి. ట్యాంకు చేపల లెన్సులు ఖాళీ.

లెక్క ఎందుకంటే, చేప ఒంట్లో ఈ ఫ్లూక్‌లు పిల్లల్ని కనవు, ఒకటి రెండు కావు. లెన్స్‌లో 60 ఉన్నాయంటే ఆ చేపని బయటి నుంచి గుచ్చుకుని లోపలికొచ్చి, దారిలో చావకుండా కన్ను చేరినవి 60 అన్నమాట. అందుకే ఈ అంకె చేప బలహీనత కన్నా, అది ఈదిన నీళ్ళ గురించే ఎక్కువ చెబుతుంది. ఏ చెరువు చేపల్లో ఎన్నెన్ని ఉన్నాయో పక్కపక్కన రాసుకుంటే రోగం ఎక్కడ పుడుతోందో తెలిసిపోతుంది. మాకు తెలిసింది కూడా అలాగే. మొదటి చెరువులో తక్కువ, రెండోదాంట్లో చాలా ఎక్కువ, మూడోదాంట్లో మధ్యస్థం. నది నుంచే అన్నీ కొట్టుకొచ్చి ఉంటే మొదటి చెరువుకే ఎక్కువ తగలాలి. రెండో చెరువులోనే ఏదో ఉంది.

జాతి పేరు విషయంలో ఒక మాట. డిప్లోస్టోమం స్పాథేషియం అనే పేరు పాత రిపోర్టుల్లో విరివిగా కనిపిస్తుంది. లెన్స్‌లో ఉండే డిప్లోస్టోమం రకాలు ఒకటికి మించి ఉన్నాయి, సూడోస్పాథేషియం వాటిలో ఒకటి. పిల్లదశలో ఆకారం చూసి వీటిని విడదీయడం నమ్మదగ్గ పని కాదు, డీఎన్ఏ పరీక్ష కావాలి. ఈ కేసులో ఆ ఖర్చు వల్ల తీసుకోవాల్సిన నిర్ణయం ఏదీ మారదు కాబట్టి రిపోర్టులో ‘డిప్లోస్టోమం, లెన్స్ రకం’ అని ఆపేశాను. లెన్స్ రకమా కాదా అన్నది మాత్రం ముఖ్యం. పెర్చ్ లాంటి చేపల కంటిలోని ద్రవంలో టైలోడెల్ఫిస్ అనే ఇంకో ఫ్లూక్ స్వేచ్ఛగా ఈదుతుంటుంది, దాని వల్ల ఇలా శుక్లం రాదు. కన్ను మొత్తం నలిపి చూస్తే ఏది ఎక్కడిదో కలిసిపోతుంది. ద్రవం ముందు, లెన్స్ తర్వాత, రెటీనా చివర, దేనికది విడివిడిగా చూడాలి.

రెండో చెరువులో ఏముంది

గల్ అనే నీటిపక్షి పేగులో ఈ ఫ్లూక్ ఎదిగిన రూపం ఉంటుంది. దాని గుడ్లు రెట్టతో నీళ్ళలో పడతాయి. వెచ్చటి నీళ్ళలో రెండు మూడు వారాల్లో పొదిగి, మిరాసిడియం అనే ఈదే పిల్ల బయటికొస్తుంది. దాని బతుకు ఒకరోజు లెక్క, ఆలోపు లిమ్నియా కుటుంబపు నత్త దొరకాలి. దొరికితే నత్త లోపల ఒకటి వందలై, వేలై, నత్త సంతానశక్తిని పోగొట్టి, కొన్ని వారాల తర్వాత సెర్కేరియాలుగా నీళ్ళలోకి ఊరుతుంది. ఒక్క నత్త రోజుకి వేలల్లో వదలగలదు. చీలిన తోకతో ఈదే ఆ సెర్కేరియా చేప చర్మాన్నో మొప్పల్నో గుచ్చుకుని, తోక వదిలేసి, ఒకరోజు లోపల కన్ను చేరుకుంటుంది. చేరలేనివాటిని చేప రోగనిరోధక శక్తి చంపేస్తుంది. చేరినవాటిని ఏమీ చేయలేదు, ఎందుకంటే లెన్స్‌లోకి రక్తనాళాలు లేవు, రక్షణ కణాలు అక్కడికి పోవు. అక్కడ లెన్స్ పదార్థాన్నే తిని పెరుగుతుంది, ఏళ్ళ తరబడి బతకగలదు. చూపు పోయిన చేపని గల్ పక్షి తిన్ననాడు మళ్ళీ మొదటికొస్తుంది.

గొర్రెల కాపరులకి కార్జపు జలగ తెలుసు, అదీ నత్త గుండానే వస్తుంది, అదీ లిమ్నియా కుటుంబపు నత్తే. అందుకే మన రైతుకి ఈ చక్రం చెప్పడం కష్టం కాదు. ఇక్కడి మేనేజర్‌కి చెప్పడమే కొంచెం కష్టమైంది. చేపలో ఉన్న పురుగుకి నత్తల్ని ఏరడం ఏమిటన్నది ఆయన ప్రశ్న.

మాటలతో కాకుండా సీసాలతో చూపించాం. రెండో చెరువు నదికి దూరంగా ఉంది, నీటి కదలిక తక్కువ. ఒక ఒడ్డంతా గడ్డి, నాచు. అక్కడ చెయ్యి పెడితే నత్తలే. పొడుగాటి మొన ఉన్న పెద్ద లిమ్నియా స్టాగ్నాలిస్, పొట్టి రేడిక్స్, రెండూ ఉన్నాయి. మొదటి చెరువులో నీరు వడిగా పారుతుంది, గట్టు చదునుగా ఉంది, వెతికితే గానీ నత్త దొరకలేదు. రెండో చెరువు నత్తల్ని ఒక్కోదాన్ని ఒక్కో చిన్న గాజు సీసాలో, వడకట్టిన నీళ్ళలో వేసి దీపం కింద పెట్టాం. చాలా సీసాల్లో ఏమీ లేదు. రెండు గంటలు గడిచాక ఒక సీసాని నల్ల గుడ్డ ముందు పట్టుకుంటే నీళ్ళంతా దుమ్ము పోసినట్టుంది, ఆ దుమ్ము తనంతట తాను పైకి లేచి, ఆగి, మెల్లగా కిందికి జారి, మళ్ళీ లేస్తోంది. ఒక చుక్క తీసి మైక్రోస్కోప్ కింద పెట్టి మేనేజర్‌ని చూడమన్నాం. రెండుగా చీలిన తోకలు చూసి ఆయన చాలాసేపు కళ్ళు తీయలేదు. ఆ తర్వాత మేత ఊసు ఎత్తలేదు.

పట్టిన నత్తల్లో సోకినవి కొద్దే. ఇది మామూలే. నత్తల్ని తెచ్చి ఒకటి రెండు చూసి ‘ఏమీ లేదు’ అని రాసేయకూడదు, ఎక్కువ చూడాలి. కొద్ది నత్తలే చెరువంతటికీ సరిపోతాయి.

షెడ్డు రేకుల మీద గల్ పక్షులు వరసగా కూర్చుని ఉన్నాయి. మేత వేసే వేళకి వస్తాయట. మత్తుగా తేలే చేపని ముక్కున కరుచుకుపోవడం మా కళ్ళముందే జరిగింది. కొంగ తిన్నదానితో ఈ చక్రం పెద్దగా ముందుకి సాగదు, ఈ డిప్లోస్టోమం ఇష్టపడే ఇల్లు గల్ పక్షే. గట్టు మీద నిలబడే కొంగ మీద అందరికీ కోపం, రేకుల మీది గల్ పక్షుల్ని ఎవరూ పట్టించుకోలేదు.

నదిలో చేపలు ఎలా ఉన్నాయి

హేచరీ తూముకి ఎగువన నదిలో పట్టిన కొన్ని డేస్‌లని కూడా చూశాం. వాటి లెన్సుల్లోనూ ఫ్లూక్‌లున్నాయి, కానీ ఒకటో రెండో, ఎక్కువైతే అయిదారు. కళ్ళు స్వచ్ఛంగా ఉన్నాయి. ఈ పరాన్నజీవి ఈ నదికి కొత్తది కాదు, యూరప్ నదుల్లో ఇది సర్వసాధారణం. ప్రవాహంలో సెర్కేరియాలు చెల్లాచెదురైపోతాయి. పైగా చేపలు వాటి తాకిడి తెలిసి ఆ చోటు నుంచి తప్పుకోగలవని ఫిన్లాండ్‌లో యువస్కులా విశ్వవిద్యాలయం వాళ్ళు చూపించారు. చెరువులో చేప ఎక్కడికి తప్పుకుంటుంది? గడ్డి ఒడ్డు పక్కనే మేత వేస్తుంటే రోజూ వచ్చి అక్కడే నిలబడాలి.

కొద్ది ఫ్లూక్‌లుంటే పరవాలేదనుకోవడం కూడా పూర్తిగా నిజం కాదు. 1980లో క్రౌడెన్, బ్రూమ్ అనే పరిశోధకులు ఈ డేస్ మీదే పనిచేసి, ఫ్లూక్‌లు పెరిగేకొద్దీ చేప మేత అందుకోవడంలో గురి తప్పుతుందని, అదే తిండి కోసం ఎక్కువసేపు, నీటి పైపైన గడపాల్సి వస్తుందని చూపించారు. పైపైన గడిపే చేప పక్షికి దొరుకుతుంది. ఫిన్లాండ్‌లో సెప్పాలా, కార్వొనెన్, వాల్టొనెన్ శుక్లం వచ్చిన ట్రౌట్‌ల మీద చేసిన పనిలోనూ ఇదే తేలింది. పై నుంచి వచ్చే ముప్పుని అవి తప్పించుకోలేవు, గుంపు కట్టడంలోనూ వెనకబడతాయి. మేనేజర్ ఫోన్‌లో చెప్పిన లక్షణాలన్నీ, మేతకి రాకపోవడం, పైపైన తిరగడం, కొంగలకి దొరకడం, ఈ ఒక్క కారణానికే వస్తాయి. చచ్చి తేలేవి తక్కువ ఎందుకంటే, చచ్చేలోపే పక్షులు ఎత్తుకుపోతున్నాయి. చచ్చిన చేపల లెక్క మీద ఆధారపడే హేచరీకి ఈ నష్టం పుస్తకంలో కనబడదు, చెరువు ఖాళీ చేసిన రోజు తక్కువ వచ్చినప్పుడే కనబడుతుంది.

మందు ఎందుకు రాయలేదు

ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు ఉంది కదా అని మేనేజర్ అడిగారు, మా జూనియర్ కూడా అడిగాడు. ఆ మందు ఫ్లూక్‌ని చంపగలదు, కాదనను. కానీ తెల్లబడిన లెన్స్ తిరిగి స్వచ్ఛం కాదు. పురుగు చచ్చినా శుక్లం శుక్లమే. పైగా అది చేదు మందు, మేతలో కలిపితే చూపున్న చేపే వెనకాడుతుంది, చూపు లేని చేపకి మేతే అందడం లేదు. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్ళు 17 డిగ్రీలున్నాయి, నత్తలు రోజూ సెర్కేరియాలు వదులుతున్నాయి. ఈ వారం చంపితే వచ్చే వారం కొత్తవి చేరతాయి. సోకి కొద్దిరోజులే అయిన విలువైన చేపల్ని, సోకని నీళ్ళలోకి మార్చాక మందు వేస్తే అర్థం ఉంది. ఈ చెరువులో వేస్తే డబ్బు నీళ్ళపాలు.

నత్తల మందు కూడా వద్దన్నాను. కాపర్ సల్ఫేట్, నిక్లోసమైడ్ నత్తల్ని చంపుతాయి నిజమే. ఆ చెరువు నీళ్ళు పోయేది నదిలోకి. నదిలో ఉన్న డేస్ తినే పురుగుల్ని చంపి, ఆ నదిలోకే డేస్ పిల్లల్ని వదలడం ఏం పని?

వెంటనే చేయించింది ఇంతే. షెడ్డులో ఖాళీ చేయించి, ఆ ఏడాది పుట్టిన పిల్లలన్నిటినీ బోరు నీటి ట్యాంకుల్లోకి మార్పించాం. పిల్ల ఎంత చిన్నదైతే దెబ్బ అంత ఎక్కువ, ఒకేసారి వందల కొద్దీ గుచ్చుకుంటే చిన్న పిల్లలు లెన్స్ దాకా రాకముందే రక్తస్రావంతో చస్తాయి. పెద్ద చేపల్లో కళ్ళు పాడైనవాటిని వేరు చేసి, మేత ఒకేచోట కాకుండా చెరువంతా చల్లించాం. గడ్డి ఒడ్డు వైపు మేత పూర్తిగా ఆపించాం. గడ్డి కోయించి, నత్తల్ని గంపలకెత్తి ఏరించాం. ఏరిన నత్తల్ని గట్టు మీద కుప్ప పోయొద్దు, గల్ పక్షులున్న చోట అది ఇంకో తప్పు, పూడ్చిపెట్టాలి. చెరువుల మీద వల కట్టించాం. గల్ పక్షులకి 1981 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, తుపాకీ మాట ఎత్తనివ్వలేదు.

అసలు పని చలికాలానికి మిగిలింది. నీళ్ళు 10 డిగ్రీల కిందికి పోతే సెర్కేరియాల ఊట దాదాపు ఆగిపోతుంది. కానీ సోకిన నత్త చావదు, బురదలో చలికాలం గడిపి వసంతంలో మళ్ళీ మొదలుపెడుతుంది. అందుకని నవంబరులో రెండో చెరువు పూర్తిగా దించేసి, అడుగు ఇంకా తడిగా ఉండగానే కాల్చిన సున్నం చల్లించాం. ఎండిన మట్టి మీద చల్లితే వేడీ పుట్టదు, క్షారమూ లోపలికి దిగదు. నత్తలు దాక్కునేది గట్టు అంచుల్లోని తడి పగుళ్ళలో, కాలవ మూలల్లో, తూము రాళ్ళ సందుల్లో. సున్నం అక్కడ చేతితో వేయించాను. మిగతా చెరువుకి యంత్రం చాలు. సున్నపు నీళ్ళు నదిలోకి పోకుండా దిగువ తూము మూసే ఉంచాం.

వదలాలా వద్దా

అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఈ ప్రశ్నే. ఒక క్లబ్ అక్టోబరుకల్లా చేపలు కావాలని ముందే డబ్బు కట్టింది. ఇంగ్లండ్‌లో నదిలో చేపలు వదలాలంటే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ అనుమతి ఉండాలి. ప్రత్యేక నిఘా ఉన్న పరాన్నజీవుల జాబితా ఒకటుంది, ఐ ఫ్లూక్ అందులో లేదు, ఎందుకంటే అది ఎక్కడ చూసినా ఉన్నదే. అంటే కాగితాల మీద అడ్డంకి లేదు. నదికి కొత్త రోగం తెచ్చినట్టూ కాదు.

నా అభ్యంతరం వేరు. కన్ను లేని డేస్‌ని వడి నీళ్ళలోకి వదిలితే వారం తిరక్కుండా కొంగకో, నీటికాకికో, ఆకలికో పోతుంది. క్లబ్బు కట్టిన డబ్బు పోతుంది, చేపకి హింస. చేపని మత్తులో పెట్టి లెన్స్‌లో ఎంత భాగం తెల్లబడిందో నాలుగు పాళ్ళుగా లెక్కేసే పద్ధతి సాల్మన్ డాక్టర్ల దగ్గర ఎప్పటినుంచో ఉంది. దాన్నే ఇక్కడ వాడాం. రెండు కళ్ళలోనూ తెలుపు పావు వంతు లోపు ఉంటేనే నదికి. ఒక కన్నైనా సగం దాటితే వద్దు. మధ్యలో ఉన్నవి ట్యాంకుకి. మేనేజర్‌కి ఇది నష్టమే, ముఖం చిన్నబోయింది. క్లబ్బు వాళ్ళకి తనే ఫోన్ చేసి, సగం చేపలు ఇప్పుడు, మిగతావి వచ్చే ఏడాది అని చెప్పారు. వాళ్ళు ఒప్పుకున్నారు.

మన వైపు మిత్రులకి

కాశ్మీర్ నదుల్లో, సరస్సుల్లో స్కైజోథొరాక్స్ అనే చల్లనీటి చేపల కళ్ళలో డిప్లోస్టోమం ఉన్నట్టు మన పరిశోధకులు నమోదు చేశారు. మన చెరువుల్లో, కాలవల్లో కనిపించే లిమ్నియా లుటియోలా కూడా ఇదే నత్త కుటుంబం. కాలవ నీళ్ళతో నడిచే నర్సరీల్లో పిల్లల కళ్ళు తెల్లబడితే, యాంటీబయోటిక్ వేసే ముందు పది నిమిషాలు ఖర్చుపెట్టండి. టార్చి పక్కవాటంగా వేసి తెలుపు కార్నియాలోనా లెన్స్‌లోనా చూడండి. లెన్స్‌లో అయితే ఉప్పు నీటి చుక్కలో చీల్చి చూడండి. సాధారణ స్కూలు మైక్రోస్కోప్ చాలు. లేబుకి పంపాలంటే ఐసు పెట్టె వద్దు, సీడు పంపే ఆక్సిజన్ కవరులో బతికున్న చేపనే పంపండి, అది వచ్చిన చెరువు గట్టు మీది నత్తలు కొన్ని తడి గుడ్డలో కట్టి పక్కన పెట్టండి. తినేవాళ్ళు అడిగితే, బాగా ఉడికిన చేపతో భయం లేదని చెప్పొచ్చు.

మరుసటి ఏడాది

వసంతంలో నింపిన రెండో చెరువులో కొత్త పిల్లల్ని జూన్ దాకా వదలనివ్వలేదు, ట్యాంకుల్లోనే పెంచి కొంచెం ఎదిగాక వదిలాం. ఆగస్టులో మళ్ళీ లెన్సులు చీల్చాం. ఎక్కువ వాటిలో ఏమీ లేదు, కొన్నిటిలో ఒకటో రెండో, నదిలోని డేస్‌ల లాగే. నల్ల చేప ఒక్కటీ కనబడలేదు. ముందటేడు ట్యాంకుకి మార్చిన మధ్యరకం చేపల కళ్ళు మాత్రం మెరుగుపడలేదు, వాటి లెన్స్‌లోని ఫ్లూక్‌లు ఇంకా బతికే ఉన్నాయి. వాటిలో మేత బాగా అందుకుంటున్నవాటిని తల్లి చేపలుగా ఉంచుకోమన్నాను. ఈ పురుగు తల్లి నుంచి గుడ్డుకి రాదు.

మూడో చెరువు గురించి మాత్రం ఇంకా వాదన నడుస్తోంది. దాన్ని దించితే పక్క రైతు పొలం తడుస్తుందని సున్నం వేయలేదు, గడ్డి కోసి నత్తల్ని ఏరారంతే. అక్కడి చేపల్లో లెక్క తగ్గింది గానీ రెండో చెరువంత తగ్గలేదు. తూము దగ్గర డ్రమ్ ఫిల్టర్ పెడదామని మేనేజర్ అంటున్నారు. ఆ చెరువు నత్తలు ఆ చెరువులోనే ఉండగా తూము దగ్గర వడకడితే లాభం లేదని, ఆ డబ్బుతో పక్క పొలం వైపు ఒక కాలవ తవ్విస్తే చెరువు దించుకోవచ్చని నేను రాసిచ్చాను. ఈ నవంబరులోపు తేలాలి.